కింద ఆకు కూడా కదల్లేదు, పైన డ్రోన్ కొట్టుకుపోయింది

అనకాపల్లి జిల్లా నుంచి 24 ఏళ్ల యువకుడు ఒకరు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. వరసకు మావయ్య అయ్యే ఒకాయన ఫోటో స్టూడియోలో మూడేళ్లుగా పనిచేస్తున్నారు. మొదట లైట్లు మోశారు, తర్వాత కెమెరాకు అసిస్టెంటుగా ఉన్నారు, ఏడాది నుంచి డ్రోన్ చూస్తున్నారు. డ్రోన్ నేర్పింది మావయ్యే, ఊరి బయట కోసేసిన వరి మళ్లలో, రెండు రోజులు. సర్టిఫికెట్ లాంటిదేమీ లేదు. జీతం నెలకు 14 వేలు. నాన్న లేరు. అమ్మ అంగన్‌వాడీలో ఆయా. చెల్లెలు డిగ్రీ చదువుతోంది.

డిసెంబరు రెండో వారంలో ఒక జంట ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం వంజంగి వెళ్లారు. పాడేరు దగ్గర, కాళ్ల కింద మేఘాలు పాలు పొంగినట్టు పరుచుకుంటాయని జనం చీకటితోనే ఎక్కే కొండ అది. పైన జనం కిక్కిరిసి ఉండటంతో ఈయన కాస్త కిందికి దిగి, కొండ చాటున చెట్ల మధ్య చదునుగా ఉన్న చోట నుంచి డ్రోన్ లేపారు. "అక్కడ అగ్గిపుల్ల గీస్తే మంట కూడా ఊగేది కాదు సార్" అని రాశారు. డ్రోన్ కొండకొమ్ము దాటి పైకి వెళ్లాక, గాలి ఎక్కువగా ఉందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. పెళ్లికొడుకు "ఇంకొక్క షాట్ అన్నా, సూర్యుడు ఇప్పుడే వస్తున్నాడు" అన్నాడు. హెచ్చరిక రెండోసారి కూడా వచ్చింది. బ్యాటరీ 38 శాతానికి పడ్డాక రిటర్న్ టు హోమ్ (తనంతట తాను లేచిన చోటికి రమ్మనే మీట) నొక్కారు. డ్రోన్ వెనక్కి రాకుండా ముందు ఇంకా పైకి ఎక్కింది. వెనక్కి రావాల్సిన ఎత్తు 120 మీటర్లకు పెట్టి ఉందని ఆయన తర్వాత చూసుకున్నారు. అప్పటి నుంచి దాని ముక్కు ఇటువైపే ఉంది గానీ, దూరం అంకె తగ్గకపోగా మెల్లగా పెరిగింది. కొన్ని నిమిషాలకు సిగ్నల్ పోయింది. మధ్యాహ్నం దాకా లోయలో వెతికి ఖాళీ చేతులతో వచ్చారు.

మావయ్యకు చెప్పింది మాత్రం ఇంతే: "గాలేం లేదు. ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది." హెచ్చరికల సంగతి చెప్పలేదు. ఆయన నమ్మారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో సాంకేతిక లోపం వల్ల పోయిందని రాసి, ఎగరేసిన మనిషిగా వచ్చే సోమవారంలోగా సంతకం పెట్టమన్నారు. క్లెయిమ్ రాకపోతే డ్రోన్ ఖరీదు లక్షా పది వేలూ నెలకు 5 వేల చొప్పున జీతంలో పట్టుకుంటానన్నారు. అమ్మ తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. షూట్ చేయించుకున్న పార్టీ, అంటే ఆ పెళ్లివాళ్లు, అడ్వాన్స్ తిరిగి ఇమ్మంటున్నారు. ఈమధ్య ఒక పెళ్లిలో స్టూడియో పాత డ్రోన్ చేతికిస్తే చేతులు వణికాయట. బ్యాటరీ బాలేదని ఇంకో అబద్ధం చెప్పి దింపేశారట.

సంతకం పెట్టాలా, నిజం చెప్పాలా, డబ్బు కట్టేసి వదిలించుకోవాలా, ఇవన్నీ వదిలేసి గోదావరి జిల్లాల్లో పొలాలకు మందు కొట్టే డ్రోన్ల పనికి వెళ్లిపోవాలా అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో మాట: "నేను దాచానని నాకు తెలుసు. కానీ గాలి లేదన్నది మాత్రం నిజం సార్. కింద లేని గాలి పైన ఎక్కడి నుంచి వస్తుంది?"

సమాధానం:

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మిగతా ముడి అంతా అక్కడే పడింది.

గాలి లేదన్నది మీరు నిలబడ్డ చోట నిజం. డ్రోన్ ఉన్న చోట కాదు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసే ఉంటారు కదా, గుర్తు తెచ్చుకోండి. డాబా మీద చొక్కా అంచు కూడా కదలదు. తమ్ముడెవరో పటం పట్టుకుని దూరంగా వెళ్లి వదిలితే రెండుసార్లు నేలకు కొట్టుకుంటుంది. మూడోసారి ఎలాగో కొబ్బరిచెట్ల తలలు దాటుతుంది. అంతే, ఇక దారం వేలు కోసేలా లాగుతుంది. డాబా మీద లేని గాలి అక్కడ ఎప్పటి నుంచో వీస్తూనే ఉంది. చెట్లూ ఇళ్లూ గట్లూ అడ్డుపడి నేల దగ్గర దాన్ని పట్టి ఆపుతాయి, పైన ఆపేవాళ్లు లేరు.

అడ్డంకులు లేని మైదానంలో, పగటిపూట, 10 మీటర్ల ఎత్తున గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే 120 మీటర్ల దగ్గర 28 దాకా ఉంటుందని ఇంజనీర్లు వాడే ఒక లెక్క ఉంది. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే గాలి సాధారణంగా ఆ 10 మీటర్ల ఎత్తుదే. మీ తలకాయ దగ్గర ఇంకా తక్కువ ఉంటుంది. అయితే మీరు వెళ్లింది మైదానం కాదు, పగలూ కాదు. అందుకే ఆ లెక్క కూడా అక్కడ సరిపోదు.

శీతాకాలం రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడిపోతుంది. నేలనంటి ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి నీళ్లలా నిలబడుతుంది. దాని మీద కాస్త వెచ్చని గాలి ఒక మూతలా కూర్చుంటుంది. వంజంగిలో మీరు ఫోటో తీసిన ఆ మేఘాల సముద్రం పైభాగం బల్లపరుపుగా ఉంటుంది చూడండి, ఆ మూత ఉండేది అక్కడే. మూత కింద గాలి కదలదు. మూత మీది గాలికి నేలతో సంబంధం తెగిపోయి, రాపిడి లేక, పగటి కంటే వేగంగా కూడా జారుతుంది. అంటే జనం ఏ దృశ్యం చూడటానికి అంత దూరం వస్తారో, పైనా కిందా గాలి వేరు అని చెప్పే గుర్తు కూడా అదే. ఈ ముక్క మీకు ఎవరూ చెప్పి ఉండరు. వరి మళ్లలో రెండు రోజుల శిక్షణలో అయితే అసలు చెప్పరు.

దీనికి తోడు కొండ. ఏట్లో బండరాయి మీదుగా పారే నీళ్లు చూడండి. రాయి మీద నీళ్లు సన్నబడి వేగంగా దూకుతాయి, రాయి వెనక సుడి తిరుగుతాయి. గాలీ అంతే. కొండకొమ్ము మీద వేగం పెరుగుతుంది. చాటువైపు సుడులు, కిందికి తోసే గాలి ఉంటాయి. మీరు లేపింది ఆ చాటు నుంచి. మీకు ప్రశాంతంగా అనిపించింది కూడా ఆ చాటు వల్లే. డ్రోన్ కొమ్ము దాటి తల ఎత్తగానే అసలు గాలి దాన్ని పట్టుకుంది.

ఇంకో మోసం స్క్రీన్ చేస్తుంది. గాలి తోస్తుంటే డ్రోన్ ఎదురుగా ఒరిగి, మోటార్లు ఎక్కువ తిప్పుకుంటూ, జీపీఎస్ సాయంతో ఉన్న చోటే నిలబడుతుంది. అది ఎంత ఒరిగినా గింబాల్ అనే కెమెరా పట్టీ కెమెరాను మట్టంగా పట్టుకుంటుంది కాబట్టి మీకు బొమ్మ నిశ్చలంగా, అందంగా కనిపిస్తుంది. పైన అది చెమటలు కక్కుతున్న సంగతి కింద తెలియదు. తెలిసేది రెండు చోట్ల మాత్రమే: హెచ్చరికలో, తరిగిపోయే బ్యాటరీ అంకెలో.

ఇక అది వెనక్కి ఎందుకు రాలేదంటే, ఏటివాలుకు పడవ వదిలిన మనిషి లెక్క చూడండి. డ్రోన్ మామూలు మోడ్‌లో గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుందాం, గాలి 30 ఉందనుకుందాం. గాలివాలుగా పోయేటప్పుడు 70. కిలోమీటరు దూరం 50 సెకన్లలో దాటేస్తుంది. మీరు "అబ్బ, ఎంత స్మూత్‌గా పోతోంది" అనుకుంటారు. వచ్చేటప్పుడు 10. అదే కిలోమీటరుకు ఆరు నిమిషాలు, అదీ మోటార్లు బలంగా తిరుగుతూ. గాలి 40 అయితే రెక్కలు ఎంత తిరిగినా ఉన్న చోటే వేలాడుతుంది. 45 అయితే ముక్కు ఇంటివైపు పెట్టుకుని వెనక్కి పోతుంది. మీరు చూసింది సరిగ్గా అదే.

రిటర్న్ టు హోమ్ నొక్కితే పైకి ఎక్కడం కూడా లోపం కాదు. దారిలో చెట్లూ టవర్లూ తగలకుండా ముందు పెట్టిన ఎత్తుకు ఎక్కి, అప్పుడు వెనక్కి తిరగమని దానికి నేర్పారు. మీరు కాపాడమని మీట నొక్కితే, అది గాలి ఇంకా ఎక్కువున్న చోటికి ఎక్కింది. అలాంటప్పుడు ఆ మీటను రద్దు చేసి, ఎక్కువ వేగంతో పోయే స్పోర్ట్ మోడ్‌లో పెట్టి, ఎత్తు తగ్గిస్తూ చేత్తో తోలుకురావడం మేలు. చాలా చిన్న డ్రోన్లు స్పోర్ట్‌లో గంటకు 55, 60 దాకా లాగుతాయి. అలా చేసినా మీ డ్రోన్ వచ్చేదని నేను ఒట్టేసి చెప్పను. కింద మేఘం ఉంది, అందులోకి దిగితే కంటికి కనపడదు.

ఇదంతా మిమ్మల్ని ఊరడించడానికి రాయలేదు. గాలి చేసిందేదో, మీరు చేసిందేదో విడదీయడానికి రాశాను. కింద ప్రశాంతంగా ఉంది కదా అని లేపడం తెలియక చేసిన పని. ఎత్తు 120కి పెట్టి ఉండటం చూసుకోకపోవడం అజాగ్రత్త, కానీ మీ ఒక్కరిదే కాదు. మొదటి హెచ్చరిక తర్వాత ఇంకొక్క షాట్ తీయడం మాత్రం మీదే. పెళ్లికొడుకు అడిగాడు నిజమే. రిమోట్ అతని చేతిలో లేదు. ఇక డ్రోన్ పోవడం వేరు, పోయాక చెప్పిన మాట వేరు. మొదటిది మీ రెండు చేతులూ వణకడానికి కారణమని మీరనుకుంటున్నారు. రెండోదే అని నాకనిపిస్తోంది.

నాకు ఎందుకలా అనిపిస్తుందో చెప్తాను. నేనూ ఒకటి పోగొట్టుకున్నాను. భీమిలి దగ్గర, తెల్లవారుజామున, వేటకు వెళ్లే పడవల షాట్ కోసం. ఆ వేళప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. డ్రోన్ వెన్నలా జారుకుంటూ లోపలికి పోయింది. రావడానికి ఓపిక చాలలేదు, కళ్ల ముందే నీళ్లలో దిగింది. అందరికీ గద్ద తన్నిందని చెప్పాను. ఆ గద్ద కథ రెండు మూడేళ్లు చెప్పుకుని తిరిగాను. చెప్పే కొద్దీ గద్ద పెద్దదవుతూ వచ్చింది. నా డ్రోనే కాబట్టి ఎవరికీ బాకీ పడలేదు. కానీ ఆ మూడేళ్లూ సముద్రం వైపు మళ్లీ ఎగరేయలేదు. ఎందుకు పోయిందో నాకు నేను ఒప్పుకోలేదు కాబట్టి, ఎలా ఎగరేయాలో కూడా నేర్చుకోలేదు.

పెద్దవాళ్లకూ పోయాయి. 75 మీటర్ల రెక్కలతో సూర్యుడి శక్తి మీద ఎగిరే హీలియోస్ అనే విమానాన్ని నాసా వాళ్లు 2003 జూన్ 26న హవాయి దీవుల్లోని కవాయి దగ్గర పోగొట్టుకున్నారు. లోపల మనిషి ఉండడు, అదీ ఒక డ్రోనే. గాలి కుదుపులకు రెక్కలు మితిమీరి వంగి, గాల్లోనే విరిగి పసిఫిక్‌లో పడిపోయింది. వాతావరణం చూసుకునేవాళ్లు పక్కనే ఉన్నారు. నాకు నచ్చింది తర్వాత వచ్చిన విచారణ నివేదిక. అందులో గాలి మీదకు మాత్రమే నెట్టేయలేదు. విమానంలో తాము చేసిన మార్పుల వల్ల ఎంత ప్రమాదం ఉందో లెక్క కట్టడానికి తమ దగ్గరున్న పద్ధతులు చాలలేదని రాసుకున్నారు.

ఇప్పుడు సోమవారం సంగతి. సంతకం.

ఆ కాగితం మీద మీ సంతకం పడితే, ఇన్నాళ్లూ నోటిమాటగా ఉన్నది రాతపూర్వకం అవుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు ఎగిరిన రికార్డు అడిగే అవకాశం చాలా ఉంది. అది యాప్‌లో భద్రంగా ఉంటుంది. ఏ సెకనుకు ఎంత ఎత్తు, ఎంత దూరం, బ్యాటరీ ఎంత, ఏ హెచ్చరిక ఎప్పుడొచ్చింది, మీరు ఏ మీట ఎప్పుడు నొక్కారు, అన్నీ. మీరు మావయ్యకు చెప్పని రెండు హెచ్చరికలూ అందులో గంటా నిమిషంతో సహా ఉంటాయి. చదివిన మనిషి సాంకేతిక లోపం అని ఒప్పుకోడు. అప్పుడు క్లెయిమూ పోతుంది, మావయ్య నమ్మకమూ పోతుంది, తప్పుడు వివరాలిచ్చారన్న మచ్చ ఇద్దరికీ మిగులుతుంది. ఇంకో విషయం ఆలోచించారా? గాలికి కొట్టుకుపోవడం కూడా ప్రమాదమే. ప్రమాదాలకే కదా ఇన్సూరెన్స్ కట్టేది. పాలసీ షరతుల్ని బట్టి నిజం రాస్తే డబ్బు రావచ్చు కూడా. అబద్ధం రాస్తే, వచ్చే క్లెయిమ్‌ను చేజేతులా చెడగొట్టుకున్నట్టు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని చేసే పనికి వాడితే, ఎగరేసేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలని 2021 డ్రోన్ రూల్స్ చెబుతున్నాయి. మీకు లేదు. మీ డ్రోన్ ఆ బరువు దాటినదైతే, పాలసీలో ఈ షరతు ఉంటే, నిజం రాసినా క్లెయిమ్ తిరగొట్టవచ్చు. ఫారం ఇచ్చే ముందు మావయ్య పాలసీ కాగితం పూర్తిగా చదవాలి. క్లెయిమ్ వేయకుండా ఊరుకోవడమే నయమని తేలినా తేలవచ్చు. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే, అది శాశ్వతంగా పోయినట్టు తెలిపి రద్దు చేయించుకోవడం యజమానిగా ఆయన పని.

కాబట్టి మీ ముందున్న దారులు. సంతకం పెట్టి ఊరుకోవచ్చు. ఎవరూ రికార్డు చూడకపోతే గట్టెక్కుతారు కూడా. అలా గట్టెక్కిన రోజు నుంచి మావయ్య మీకు కృతజ్ఞతగా ఉంటారు, అది భరించడం కష్టం. పైగా ఆ స్టూడియోలో రాబోయే కొత్త డ్రోన్‌కూ ఎత్తు 120కే పెట్టి ఉంటుంది, ఇంకో కుర్రాడు ఇంకో కొండ చాటున అదే పని చేస్తాడు. సంతకం పెట్టకుండా, కారణం చెప్పకుండా తప్పించుకోవచ్చు. పని మానేసి వెళ్లిపోవడమంటే అదే. మావయ్య వరసైన మనిషి, రేపు చెల్లెలి పెళ్లికి ఎదురుపడతారు. లేదా సోమవారం లోపు చెప్పేయవచ్చు. ఆయన అరుస్తారు. పని పోవచ్చు కూడా, ఆ మాట దాచను. మూడింటిలో నేనైతే చెప్పేవాణ్ణి. ఆ గద్దను అన్నాళ్లు మోసినవాణ్ణి కాబట్టి అంటున్నాను. జీతం మీద ఇల్లు గడిచేది మీకు, నాకు కాదు. నిర్ణయం మీదే.

చెప్పదలచుకుంటే ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. పైన నేను రాసిన మూతా బండరాయీ కథతో మొదలుపెట్టకండి. సాకులు వెతుకుతున్నట్టు ఉంటుంది. మొదటి వాక్యంలోనే హెచ్చరిక రావాలి: "మావయ్యా, ఆ రోజు గాలి ఎక్కువుందని రెండుసార్లు చూపించింది. నేను దింపలేదు. మీకు భయపడి సిగ్నల్ అని చెప్పాను." అక్కడ ఆగండి. ఆయన తిట్టేది తిట్టనివ్వండి. తర్వాత యాప్ తెరిచి రికార్డు చూపించండి. గాలి సంగతి అప్పుడు ఆయనే అడుగుతారు. స్టూడియోలో మిగతా కుర్రాళ్ల ముందు వద్దు, ఫోన్‌లో అసలే వద్దు. ఇంటికి వెళ్లండి, అత్తయ్య ఉన్నప్పుడైతే ఇంకా మంచిది.

డబ్బు విషయంలో మాత్రం మీరు మరీ వంగిపోతున్నారు. తప్పు చెప్పడం వేరు, మొత్తం నష్టం నెత్తిన వేసుకోవడం వేరు. పనివాడికి అప్పగించిన వస్తువు పోతే జీతంలో కోయడం గురించి 1936 నాటి వేతనాల చట్టంలోనే ఒక పద్ధతి ఉండేది, దాని స్థానంలో వచ్చిన వేతన కోడ్‌లోనూ ఉంది. ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, చెప్పుకోవడానికి అతనికి అవకాశం ఇవ్వాలి, అసలు నష్టానికి మించి కోయకూడదు. మీ విషయానికి వస్తే, వాడిన డ్రోన్‌కు కొత్త డ్రోన్ ధర లెక్క కట్టడం సరికాదు. అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో ఇద్దరూ కలిసి చూడండి. స్టూడియో ప్రతి షూట్‌కూ డ్రోన్‌కు ఇంత అని పార్టీ దగ్గర విడిగా తీసుకుంటుంది కదా. అది అరిగిపోవడానికీ, పోవడానికీ కూడా కలిపి తీసుకునే డబ్బే. రెండు రోజులు నేర్పి కొండల్లోకి పంపిన మనిషికీ ఇందులో వాటా ఉంది. ఆ వాటా ఎంతన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి. నన్నడిగితే సగానికి మించి మీ మీద పడటం అన్యాయం. మీరు ఒప్పుకున్నది ఎంతో, ఎన్ని నెలల్లోనో ఒక కాగితం మీద రాసుకోండి. వరసలు ఉన్న చోట లెక్కలు మరీ రాసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. సర్టిఫికెట్ లేకుండా నన్ను పంపారు, బయట పెడతాను అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. మాటగా అది నిజమే, రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. కానీ బెదిరింపుగా వాడితే, ఒప్పుకున్న తప్పుకు ఉన్న విలువ కూడా పోతుంది.

అమ్మగారి గొలుసు జోలికి పోవద్దు. ఆమె ఇస్తానంటున్నది డ్రోన్ కోసం కాదు, మీరు అన్నం సరిగ్గా తినడం లేదని. ఆమెకు కూడా అసలు సంగతి చెప్పండి.

పార్టీ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. కింద కెమెరాతో తీసినవి ఉన్నాయి. డ్రోన్ షాట్లు కూడా పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. ఎగురుతున్నంతసేపూ స్క్రీన్ మీద కనిపించే వీడియోను చాలా యాప్‌లు తక్కువ నాణ్యతలో ఫోన్‌లోనే దాస్తాయి. వెతకండి. ఆల్బమ్‌కు పనికిరాదు గానీ రీల్‌కు సరిపోతుంది. డ్రోన్ కోసం విడిగా తీసుకున్న డబ్బు వెనక్కిచ్చి, మిగతా పని పూర్తి చేస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు.

పొలాల డ్రోన్ల పని మంచిదే. పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఎగురుతాయి కాబట్టి మీరు చూసిన గాలి అక్కడ ఉండదు. అక్కడి తలనొప్పి వేరు, మందు పక్క పొలంలోకి కొట్టుకుపోవడం. దానికీ సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో చేరవచ్చు. ఏ పనిలో ఉన్నా ఆ సర్టిఫికెట్ మీకు అక్కరకొస్తుంది. మావయ్యతో మాటల్లో, "నా వాటా కడతాను, కానీ ఈసారి శిక్షణ తీసుకున్నాకే ఎగరేస్తాను" అనడం కూడా ఒక దారి. వెళ్లిపోవడమే అయితే లెక్క తేలాక వెళ్లండి. పారిపోయి వెళ్లినవాడికి చేతుల వణుకు కూడా వెంటే వస్తుంది.

ఆ వణుకు గురించి. పెళ్లి పందిట్లో తగ్గదు అది. ఆదివారం పాత డ్రోన్ తీసుకుని మీరు నేర్చుకున్న ఆ వరి మళ్లలోకే వెళ్లండి. 10 మీటర్ల దగ్గర ఒక నిమిషం నిలబెట్టి, 30 దగ్గర ఒక నిమిషం, 60 దగ్గర ఒక నిమిషం, బ్యాటరీ ఎలా తరుగుతుందో, గాలికి ఎటు ఒరుగుతుందో చూడండి. మొదట గాలికి ఎదురుగా పంపండి, వచ్చేటప్పుడు గాలివాలుగా వస్తుంది. మంచి షాట్ అటువైపు లేకపోతే మానేయండి. సగం బ్యాటరీకి తిరుగు ముఖం పట్టండి. వెనక్కి రావాల్సిన ఎత్తు, ఆ రోజు ఆ చోట ఉన్న అన్నిటికంటే పొడవైన చెట్టుకు కాస్త పైన పెట్టుకోండి, పాత అంకె వదిలేయకండి. కొండల్లోకి వెళ్లేముందు ఎత్తును బట్టి గాలి చూపించే విండీ లాంటి యాప్‌లో 900 హెచ్‌పీఏ (గాలి పీడనం కొలత) దగ్గర చూడండి, అది సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున వీచే గాలి. వంజంగి లాంటి చోటికి అదే దగ్గరి లెక్క. ఇంకోటి, స్క్రీన్ చూపించే ఎత్తు మీరు లేపిన చోటు నుంచి లెక్క, డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కాదు. కొండ అంచు దాటితే 60 అని చూపిస్తున్నా కింద 300 మీటర్ల లోయ ఉండవచ్చు.

చివరగా, డ్రోన్ దొరకదని అప్పుడే తీర్మానించకండి. సిగ్నల్ పోయినా అది వెంటనే పడిపోదు. బ్యాటరీ అడుగంటాక తనంతట తాను మెల్లగా దిగుతుంది, దిగుతున్నంతసేపూ గాలికి జరుగుతూనే ఉంటుంది. యాప్‌లో చివరి చోటు గుర్తు ఉంటుంది. అక్కడి నుంచి ఆ రోజు గాలి పోయిన వైపు ఒక గీత గీసుకోండి. మీరు మొదటిసారి ఆ గుర్తు చుట్టూనే తిరిగి ఉంటారు. పాడేరు చుట్టుపక్కల ఇప్పుడు కాఫీ పళ్లు కోసే రోజులు. తోటల్లో పొద్దున్నే మనుషులు ఉంటారు. ఊళ్లో పెద్దమనిషిని కలిసి, డ్రోన్ ఫోటో చూపించి, దొరికితే ఇంత ఇస్తామని చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఒంటరిగా లోయలోకి దిగకండి, తెలిసినవాళ్లను తోడు తీసుకెళ్లండి. వీలైతే మావయ్యనే తీసుకెళ్లండి, కారులో అంత దూరం మాట్లాడుకోవడానికి టైమ్ కూడా ఉంటుంది.

తోటలో నేల మీద కాదు, పైకి చూస్తూ నడవండి. కాఫీకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు బాగా ఎత్తు పెరుగుతాయి, మొదలంతా మిరియాల తీగ అల్లుకుని ఉంటుంది. ఇరుక్కుంటే ఆ కొమ్మల్లోనే ఉంటుంది. దొరికితే ముందు మెమరీ కార్డు తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ ఉబ్బినా, తడిసినా చార్జింగ్ పెట్టకండి.